12 మంది, 60 కొమ్మలు, ఒక ఆదివారం పొద్దు: కలిసి కొమ్మలు నాటడం ఎలా?

గంటస్తంభం_మేడతోట | జూన్ 11, రాత్రి 9:10

విజయనగరంలో మా వీధి గ్రంథాలయం వెనక నీడ వరండా ఒకటి ఉంది. ఆరుద్ర కార్తె పెట్టాక వచ్చే తొలి ఆదివారం పొద్దున అక్కడ 12 మంది కూర్చుని కొమ్మలు నాటాలని అనుకుంటున్నాం. పెద్దవాళ్లు ఎక్కువ, పిల్లలు ముగ్గురు. శిక్షణ తరగతి కాదు. ఎవరివి ఎన్ని బతికాయన్న పోటీ అంతకన్నా కాదు. ఫోన్లు సంచిలో పడేసి, చేతిలో ఉన్న కొమ్మ మీదే ధ్యాస పెట్టి గంటన్నర గడపాలి. ఆ తర్వాత నెలన్నర పాటు అందరూ వంతులేసుకుని వాటిని చూసుకోవాలి.

మూడు చోట్ల సందేహం. ఏ మొక్కలైతే మొదటిసారికే మనసు విరిగిపోకుండా వేరు పడతాయి? నిదానంగా చేద్దామంటే కోసిన కొమ్మ వాడిపోతుంది కదా, ఈ రెండూ ఎలా పొసుగుతాయి? ఇసుక, కవర్లు, కొబ్బరి పొట్టు ఎంతెంత తెచ్చుకోవాలి?

నాగావళి_ఒడ్డు | జూన్ 12, ఉదయం 5:50

రెండోదే అసలు ప్రశ్న. దాంతోనే మొదలుపెడతాను.

కోసిన కొమ్మకి వేరు ఉండదు, ఆకు మాత్రం నీరు వదులుతూనే ఉంటుంది. గాలికి ఎంతసేపు ఉందన్నదే లెక్క, మీ చేతులు ఎంత నిదానంగా ఆడాయన్నది లెక్కలోకి రాదు. ముందురోజు సాయంత్రం తల్లి మొక్కలకి బాగా నీరు పెట్టండి. తెల్లవారేసరికి ఆకులో నీరు నిండుగా ఉంటుంది, 6 లోపు కొమ్మలు కోసేయండి. కోసిన వెంటనే తడిపిన పాత పేపర్లో చుట్టి, పాలిథిన్ సంచిలో వేసి, మూతి మడిచి నీడలో పెట్టాలి. అలా పెడితే మందారం, నందివర్ధనం మధ్యాహ్నం దాకా కదలవు. బకెట్ నీళ్లలో నిలబెట్టినా సరే గాని ఆకులు మునగకూడదు.

ఇక కూర్చున్నాక, మనిషికి ఒక్కసారికి ఒక్క కొమ్మే. అది నాటి నీరు పోశాకే రెండోది సంచిలోంచి బయటకి రావాలి. చివరి కోత నుంచి నాటు దాకా 3 నిమిషాలు దాటకుండా చూసుకుంటే చాలు. గంటన్నరలో మనిషికి 5 కొమ్మలంటే ఒక్కోదానికి 18 నిమిషాలు. అందులో మిగతా 15 నిమిషాలు కవరు నింపడానికి, గుంట పొడవడానికి, చీటీ రాయడానికి, ఊరికే చూస్తూ కూర్చోడానికి.

కోత సంగతి. పెన్సిల్ మందం, 12 నుంచి 15 సెంటీమీటర్ల పొడవు, 3 లేదా 4 కణుపులు. కళ్లతో కాకుండా వేలికొనతో కణుపులు లెక్కపెట్టమనండి, ధ్యాస దానంతటదే అక్కడ నిలుస్తుంది. కింది కోత కణుపుకి అర సెంటీమీటరు దిగువన ఏటవాలుగా, పై కోత కణుపుకి ఒక సెంటీమీటరు ఎగువన అడ్డంగా. ఏటవాలు కోత ఎక్కువ వేర్లిస్తుందని చాలామంది చెబుతారు. దాని అసలు ఉపయోగం తల ఏదో మొదలు ఏదో గుర్తుండడం. కొమ్మలో వేరు పుట్టించే ఆక్సిన్ అనే హార్మోను ఎప్పుడూ కొన నుంచి మొదలు వైపే దిగుతుంది. తలకిందులుగా గుచ్చినా దాని దారి మారదు, వేర్లు రావాల్సిన చివర మట్టి పైన ఉండిపోతుంది. 12 మంది చేతులు మారే చోట ఈ పొరపాటు జరిగే తీరుతుంది.

పువ్వు, మొగ్గ ఉంటే తుంచేయాలి. పైన రెండు ఆకులు ఉంచి వాటిని కూడా అడ్డంగా సగానికి కత్తిరించాలి. ఆకులన్నీ దులిపేస్తే మెత్తటి కొమ్మకి తిండి ఉండదు, అన్నీ ఉంచితే నీరు నిలవదు.

సిక్కోలు_పిట్ట | జూన్ 12, ఉదయం 8:20

మాస్టారు చెప్పింది బాగున్నాది. మొక్కల సంగతి నాను సెప్తాను.

మొదటిసారికి గొప్పలకి పోకండి. గులాబీ, కాగితం పూలు పెట్టారంటే నెలకి సగం మంది మొగాలు మాడిపోతాయి. నర్సరీలో అమ్మే పెద్ద పువ్వుల గులాబీ అంటు కట్టినది, ఆ పై కొమ్మ కోసి గుచ్చితే వేరు పట్టినా బలం తక్కువ. కాగితం పూలు 6 వారాల నుంచి 10 వారాలు తీస్తాయి. అంత ఓపిక రెండో ఏడాదికి వస్తాది.

మనిషికి అయిదూ ఇలగ పంచండి.

వాము ఆకు ఒకటి. 10 నుంచి 14 రోజుల్లో వేరు. వాసన ఉన్నాది గనక చూపు తగ్గిన పెద్దలకి కూడా చేతికి, ముక్కుకి పని. దీని కొమ్మలో నీరెక్కువ, కోశాక ఒక గంట నీడలో ఆరనిచ్చి అప్పుడు గుచ్చాల. తడి కోత గుచ్చితే కుళ్లుద్ది. మాస్టారి 3 నిమిషాల లెక్క దీనికి పనికిరాదు, ఇది ముందే కోసి పెట్టుకోండి.

కనకాంబరం ఒకటి. నారింజ రంగు ఢిల్లీ రకం దొరికితే అదే తెండి. అది ట్రిప్లాయిడ్, అంటే క్రోమోజోములు రెండు వరసలకి బదులు మూడు ఉన్నది, విత్తనం కట్టదు, కొమ్మ తప్ప దానికి వేరే దారే నేదు. అందుకే ఆ రకం ఏ ఇంట్లో ఉన్నా ఎవరో ఒకరు కొమ్మ ఇచ్చినదే. 10 సెంటీమీటర్ల కొన కొమ్మ, రెండు మూడు జతల ఆకులు, 3 నుంచి 4 వారాలు. దీని వేర్లకి నులిపురుగు బాగా పడతాది, ఇసుక మీద మరిగిన నీళ్లు పోసి చల్లార్చి వాడండి.

నందివర్ధనం ఒకటి, 4 నుంచి 5 వారాలు. పాలు కారతాయి, ఒక నిమిషం నీళ్లలో పెట్టి తీస్తే ఆగుతాయి.

ఎర్ర రేక మందారం రెండు, 4 నుంచి 6 వారాలు. మన పెరళ్లలో ఉన్నదే తెండి. అరచెయ్యంత పువ్వు పూసే హైబ్రిడ్లు వద్దు, అవి మొండివి.

బేగి వచ్చేది ఒకటి, ఆలీసంగా వచ్చేవి నాలుగు. రెండో వారానికే ఒకటి పచ్చగా నిలబడిందంటే మిగతావాటి కోసం కాసుకుని ఉంటారు.

మల్లె ఎందుకు చెప్పలేదంటారా? మల్లెకి కొమ్మ గుచ్చడం కన్నా అంటు తొక్కడం నమ్మకం. నేల వారగా ఉన్న కొమ్మ వంచి, కణుపు కింద చిన్న గాటు పెట్టి, 5 సెంటీమీటర్ల లోతున పూడ్చి, పైన రాయి పెట్టి, కొన బయట ఉంచండి. తల్లి పాలు తాగుతూనే వేరేస్తాది.

ఉద్దానం_కొబ్బరాకు | జూన్ 12, మధ్యాహ్నం 1:35

సామాను లెక్క.

4 × 6 అంగుళాల నర్సరీ కవరు నింపితే సుమారు 400 మిల్లీలీటర్లు పడుతుంది. 60 కవర్లకి 24 లీటర్లు. రెండు పాళ్లు ఇసుక, ఒక పాలు కొబ్బరి పొట్టు. కలిపినప్పుడు పొట్టు ఇసుక సందుల్లోకి దూరిపోయి మొత్తం తగ్గుతుంది కాబట్టి 18 లీటర్ల ఇసుక, 9 లీటర్ల పొట్టు అనుకోండి. 18 లీటర్ల పొడి ఇసుక 28 కిలోల పైమాటే, ఇద్దరు మోయాలి. పొట్టుకి ఎండబెట్టి అదిమిన 650 గ్రాముల పొట్టు ఇటుక ఒక్కటి చాలు. మూడు నాలుగు లీటర్ల నీళ్లలో ఉబ్బి 8, 9 లీటర్లు అవుతుంది.

పొట్టు ఇక్కడ మాకు కొదవ లేదు, కవిటి, సోంపేట వైపు ఎక్కడ చూసినా కొబ్బరే. అయితే పీచు తీసిన చోట కుప్ప నుంచి పచ్చిగా తెచ్చింది నేరుగా వాడకూడదు. అందులో ఉప్పు, వగరు రసం ఉంటాయి. బకెట్లో నానబెట్టి, గుడ్డలో పిండి, నీళ్లు మార్చి మళ్లీ. నీళ్లు టీ డికాషన్ రంగు నుంచి లేత రంగుకి వచ్చేదాకా మూడు నాలుగు సార్లు. ఈ పని ముందురోజే అయిపోవాలి.

ఇసుక ఇల్లు కట్టేవాళ్లు వాడే ముతక ఏటి ఇసుక. బియ్యం జల్లెడలో పట్టి, దిగిపోయిన సన్నం వదిలేసి, పైన మిగిలిన ముతక వాడండి, గులకరాళ్లు ఏరేసి. బారువ, కళింగపట్నం వైపు వాళ్లు ఇంటి ముందు ఉంది కదా అని సముద్రపు ఇసుక తేవద్దు. ఉప్పు సరే, కడిగితే పోతుందనుకున్నా అది మరీ సన్నం, తడిస్తే గాలి ఆడదు. గాలి ఆడని చోట వేరు పుట్టదు, మొదలు నల్లబడుతుంది.

పొట్టు బదులు మిల్లు దగ్గర ఊక బూడిద దొరుకుతుంది. క్షారం ఎక్కువ. రెండుసార్లు కడిగి, మొత్తంలో నాలుగో వంతు మించకుండా కలపండి.

ఎరువు ఏదీ వద్దు. పేడ ఎరువు, వర్మీ కంపోస్టు, యూరియా, ఏదీ. వేరే లేనిదానికి తిండి పెట్టి ప్రయోజనం లేదు, ఆ తిండి తినేది బూజు.

బొబ్బిలి_కోట_వీధి | జూన్ 12, సాయంత్రం 6:05

మా ఇళ్లలో కొబ్బరి నీళ్లలో ముంచి నాటమంటారు. తేనె అంటారు, కలబంద గుజ్జు అంటారు, దాల్చినచెక్క పొడి అంటారు. ఏది నిజం?

చంపావతి_గట్టు | జూన్ 12, రాత్రి 8:48

ఒక్కొక్కటి.

కొబ్బరి నీళ్లలో సైటోకైనిన్లు ఉన్న మాట నిజమే, మొక్క ముక్కల్ని సీసాల్లో పెంచే టిష్యూ కల్చర్ ల్యాబుల్లో అందుకే వాడతారు. సైటోకైనిన్ చిగురుని లేపే హార్మోను, వేరు పుట్టడానికి మాత్రం సాధారణంగా అడ్డమే. పైగా అందులో చక్కెర ఉంటుంది, మన జూన్ ఉక్కలో రెండో రోజుకే పులుస్తుంది. తాగేయండి.

తేనెలో ఆక్సిన్ ఏమీ ఉండదు. సూక్ష్మజీవుల్ని కొంత ఆపుతుంది, అదీ పల్చబడనంత వరకే. దాల్చినచెక్క పొడి బూజుని కొంత అడ్డుకుంటుంది, వేరు మాత్రం పుట్టించదు. కలబంద గుజ్జు వల్ల పెద్ద నష్టం లేదు, లాభం ఉందని పందెం కాయను.

నిజంగా వేరు పుట్టించేది ఐబీఏ, అంటే ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్లం. ఎరువుల కొట్టులో వేరు పొడిగా దొరుకుతుంది. లేత కొమ్మలకి 500 నుంచి 1000 పీపీఎం (పది లక్షల పాళ్లలో అన్ని పాళ్లు), ఓ మోస్తరు ముదురు కొమ్మలకి 1000 నుంచి 3000. పొట్లం మీద 0.1 శాతం అని ఉంటే 1000 పీపీఎం, 0.3 అంటే 3000. మందారానికి 0.1 గాని 0.3 గాని సరిపోతుంది. వాము ఆకుకి అసలు అవసరమే లేదు.

వాడే తీరులోనే అందరూ తప్పుతారు. కొమ్మ తీసుకెళ్లి డబ్బాలో ముంచకూడదు, తడి, బూజు డబ్బా అంతా పాకుతాయి. ఒక చెంచా పొడి కాగితం మీద వంచుకోండి. కొమ్మ మొదలు ఒక సెంటీమీటరు మాత్రం అద్ది, గోటితో తట్టి ఎక్కువైంది రాల్చాలి. ఎక్కువ పూస్తే మొదలు మాడినట్టు నల్లబడుతుంది. ముందే పుల్లతో గుంట పొడిచి అందులో పెట్టాలి, నేరుగా ఇసుకలోకి గుచ్చితే పొడి అంతా పైనే గీసుకుపోతుంది. మిగిలిన కాగితం పొడి డబ్బాలో తిరిగి పోయకండి. డబ్బా ఎండ తగలని చల్లని చోట ఉంచాలి, కొట్టువాడి అద్దాల షెల్ఫులో ఏడాదిగా ఎండ కాసిన డబ్బా అయితే టాల్కం పౌడరే కొన్నట్టు.

నాగావళి_ఒడ్డు | జూన్ 12, రాత్రి 9:20

పైన పిట్ట గారు చెప్పిన అయిదింటికీ పొడి లేకపోయినా జరుగుతుంది. పొడి, కాగితం, చెంచా అంటూ బల్ల నిండా సామాను చేరితే ధ్యాస సామాను మీదకి పోతుంది. నా ఓటు మొదటిసారికి వద్దు అని.

చంపావతి_గట్టు | జూన్ 12, రాత్రి 9:41

మందారానికి వాడితే వారం ముందు వస్తుంది, వేర్లూ ఎక్కువ పడతాయి. 24 కొమ్మలకి ఒక్క చెంచా. మీ ఇష్టం మాస్టారూ.

రాజాం_చెరుకుగడ | జూన్ 13, ఉదయం 7:12

చెరకు ముచ్చెలు నాటే ఊళ్లలో కణుపు గురించి ఒకరు చెప్పేదేముంది లెండి, మూడు కళ్ల ముచ్చె కూడా కొమ్మ ముక్కే. నా ప్రశ్న వేరు. ఎవరో ఒకరు జీడి కొమ్మో కరివేపాకో పట్టుకొస్తారు, ఖాయం. ఏవి వద్దని ముందే చెప్పాలి?

ఉద్దానం_కొబ్బరాకు | జూన్ 13, ఉదయం 7:55

కొబ్బరికి పెరిగే మొన ఒక్కటే ఉంటుంది, కొమ్మే లేదు, కాయ నాటడమే. జీడి కొమ్మ గుచ్చితే వేరు పట్టడం చాలా కష్టం. మంచి రకం కావాలంటే విత్తనం మొలక మీద లేత కొమ్మ అంటు కట్టాలి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో పడిపోయినవి ఎక్కువగా ఈ రెండే. మందారం కంచె అయితే విరిగిన కొమ్మలు ఏరి గుచ్చుకోవచ్చు, ఈ రెండు తోటలకి ఆ వీలు లేదు. మామిడి కూడా అంతే, అంటు మొక్కే.

కరివేపాకు కొమ్మ నాటితే పది లో ఒకటి వచ్చినా గొప్పే. చెట్టు చుట్టూ వేరు నుంచి లేచే పిలకల్ని కొంత వేరుతో తవ్వి తీయండి, లేదా నల్లగా పండిన పండు గుజ్జు కడిగి వెంటనే విత్తండి. గింజ ఎండబెట్టి దాచారంటే వారాల్లోనే మొలకెత్తే శక్తి పోతుంది.

మునగ వస్తుంది గాని కవర్లో కాదు. మీటరు నుంచి మీటరున్నర పొడవు, మణికట్టు లావు కొమ్మ, మూడో వంతు నేలలో పాతి పై కోతకి పేడ ముద్ద. నీరు నిలిస్తే కుళ్లిపోతుంది. దానిమ్మ, అంజూర ముదురు కొమ్మలు 20 నుంచి 25 సెంటీమీటర్లు, అవి ఈ కవర్లకి పొడుగు. జామ, నిమ్మకి గాలి అంటు (చెట్టు మీదే కొమ్మకి వేరు పట్టించడం) కట్టుకోండి.

మల్లెపందిరి | జూన్ 13, ఉదయం 10:30

పిల్లలున్నారన్నారు గనక ఇది చదవండి. గన్నేరు అసలు బల్ల మీదకే రానివ్వకండి, ఆకు నుంచి వేరు దాకా అన్నీ విషమే. జెముడు జాతి పాలు కంట్లో పడితే ప్రమాదం, అవీ వద్దు. నందివర్ధనం పాలు తగిలిన చేత్తో కళ్లు నలపొద్దని ముందే చెప్పాలి, సబ్బు, చెంబుడు నీళ్లు పక్కనే ఉండాలి.

పిల్లలకి బ్లేడు ఇవ్వొద్దు, చాకూ ఇవ్వొద్దు. వాళ్లకి రణపాల ఇవ్వండి. కోతే అక్కర్లేదు. ముదురు ఆకు తడి ఇసుక మీద పరిచి, మధ్యలో చిన్న రాయి పెట్టి ఆకు నేలకి అంటేలా చేస్తే రెండు వారాల్లో అంచు గాట్ల దగ్గర బుల్లి మొక్కలు కనబడతాయి. కొమ్మ సంగతి పెద్దలకి ఇసుకలో దాగి ఉంటుంది, ఆకు సంగతి పిల్లలకి కళ్లెదుటే జరుగుతుంది. పిల్లలు రోజూ వచ్చి చూసిపోతారు.

కత్తెర గురించి ఒక మాట. రెండు అలుగులూ ఒకదాని పక్క నుంచి ఒకటి జారేది కొనండి. ఒక అలుగు వెళ్లి చదును పట్టీ మీద కొట్టుకునే రకం కొమ్మని నలిపేస్తుంది, నలిగిన చోటే కుళ్లు మొదలు. మొక్క మారినప్పుడల్లా స్పిరిట్ దూదితో అలుగు తుడవాలి. పది ఇళ్ల నుంచి కొమ్మలు వస్తాయి, పిండినల్లి, ఆకుమచ్చ, వైరస్ కూడా వాటితోనే వస్తాయి. ఆకు ముడుచుకున్న కొమ్మ, తెల్ల పిండి అంటిన కొమ్మ గుమ్మం దగ్గరే వెనక్కి పంపండి. ఇచ్చినవాళ్లు ఏమనుకుంటారో అని మొహమాటపడితే 60 కవర్లకీ పాకుతుంది.

గంటస్తంభం_మేడతోట | జూన్ 13, మధ్యాహ్నం 12:15

చేయి వణికే పెద్దలు ఇద్దరున్నారు. వాళ్లకి ఏ పని?

మల్లెపందిరి | జూన్ 13, మధ్యాహ్నం 12:40

కోత కాకుండా నాటు. గుంట పొడిచి, కొమ్మ పెట్టి, చుట్టూ రెండు వేళ్లతో ఇసుక అదిమే పని. దానికి వణుకు అడ్డం రాదు, వేళ్ల కింద ఇసుక గట్టిపడడం తెలుస్తుంది. రెండు కణుపులు లోపల, మిగతావి బయట. కొమ్మ పట్టుకుని మెల్లగా లాగితే కదలకూడదు. కదిలిందంటే కొమ్మకీ ఇసుకకీ మధ్య గాలి గుల్ల ఉన్నట్టు, అక్కడ మొదలు ఎండిపోతుంది.

కోట_జంక్షన్ | జూన్ 13, మధ్యాహ్నం 2:20

అంతా బాగుంది. 12 మంది మన వాళ్లని కూర్చోబెట్టి గంటన్నర మౌనంగా ఉండమంటే అవుతుందా? టీ వచ్చేసరికి పెళ్లిళ్లు, పెన్షన్లు మొదలవుతాయి.

సిక్కోలు_పిట్ట | జూన్ 13, మధ్యాహ్నం 2:58

గంటన్నర ఎందుకండి, అది గుడి కాదు కదేటి. కొమ్మ చేతిలో ఉన్నంతసేపు మాట నేదు, నాటి నీరు పోశాక మాటాడుకోవచ్చు. ఒక్కో కొమ్మకి 3 నిమిషాలు మౌనం, 15 నిమిషాలు లోకాభిరామాయణం. అలగైతే ఎవరికీ కష్టం నేదు.

నాగావళి_ఒడ్డు | జూన్ 13, సాయంత్రం 5:30

పిట్ట గారి పద్ధతే మేలు. దానికో వరస పెట్టుకోండి. ఒకరు చిన్న గంట కొడతారు. అందరూ సంచిలోంచి ఒక కొమ్మ తీస్తారు. వేలితో కణుపులు తడుముతారు. కింది కోత, పై కోత, ఆకు సగం. గుంట, నాటు, అదుము. మొదటి కొమ్మకి ఒకరు మెట్టు మెట్టు చదివి చెప్పండి, రెండో దాని నుంచి వద్దు. కోతని కోసినవాళ్లే చూసుకోవాలి, అంచు నలిగిందా, నున్నగా ఉందా అని. నలిగితే ఇంకో అర సెంటీమీటరు కోయడమే. వాము ఆకు కోత ముందే అయిపోయి ఉంటుంది కాబట్టి ఆ వంతుకి వాసన చూడడం, ఆరిన కోతని తడమడం.

చీటీలు పెన్సిల్‌తో రాయండి, ఐస్‌క్రీమ్ పుల్లల మీద. పెన్ను సిరా నాలుగు వానలకి పోతుంది. మొక్క పేరు, తేదీ, కొమ్మ ఎవరింటిదో. ఎవరు నాటారో రాయకండి. రాస్తే అది మళ్లీ మార్కుల జాబితా అవుతుంది.

చంపావతి_గట్టు | జూన్ 13, రాత్రి 8:10

నాటాక 6 వారాలు, అందులోనే మొక్కలు పోతాయి. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

60 కవర్లూ ఒకే చోట, ఎండ నేరుగా పడని చోట. వరండా కాకపోతే వేప నీడ. పైన వెదురు బద్దలు వంచి పల్చటి తెల్ల పాలిథిన్ కప్పండి. జూన్, జూలైలో మన గాలిలోనే తేమ బోలెడు, మూసి పెట్టి మర్చిపోతే లోపల బూజు పంట పండుతుంది. పొద్దున, సాయంత్రం పది నిమిషాలు షీటు ఎత్తండి. షీటు మీదకి ఎండ పడితే లోపల కొమ్మలు ఉడికిపోతాయి, అరగంట చాలు.

మొదటిరోజు అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా నీరు. తర్వాత ఆకుల మీద తుంపర మాత్రం. ఇసుక పైపొర కింద వేలు పెడితే చల్లగా తగలాలి, చేతికి నీరు అంటకూడదు. తీరం దగ్గర బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో వాననీరు పట్టి వాడండి.

ఎవరైనా సీసాలో నీళ్లు పోసి కొమ్మ పెడతామంటే మనీ ప్లాంట్, పుదీనాకి సరే. ముదురు రంగు సీసా, మూడు రోజులకోసారి నీళ్లు పూర్తిగా మార్పు. వానాకాలంలో వారం నిలిచిన నీరంటే డెంగీ దోమకి ఊయల. నీళ్లలో పుట్టిన వేరు పెళుసు, 2, 3 సెంటీమీటర్లు కాగానే మట్టిలోకి మార్చాలి, పొడుగు చేసి మురవకండి.

వంతుల పట్టిక వేసుకుంటే రోజుకి ఒకరే నీరు పెట్టాలి. కలిసి చేసే పనిలో పెద్ద ప్రమాదం ఇదే. ప్రేమకొద్దీ వచ్చినవాళ్లంతా ఒక్కో చెంబు పోస్తారు, మొదళ్లు కుళ్లిపోతాయి. గోడకి కాగితం కట్టి, నీరు పెట్టినవాళ్లు తేదీ పక్కన టిక్కు పెట్టాలి. టిక్కు ఉంటే ముట్టుకోవద్దు.

ఇంకోటి. పీకి చూడకండి. మూడు వారాల లోపు అస్సలు. వేరు పుట్టేటప్పుడు వెంట్రుక కన్నా సన్నం, ఒక్క లాగుకి తెగిపోతుంది.

గంటస్తంభం_మేడతోట | జూలై 19, ఉదయం 6:30

నాటి నాలుగు వారాలు. నాలుగు రకాల తేడాలు కనబడుతున్నాయి, ఫోటోలు పెట్టాను. (అ) మందారం కొన్నింటికి కొత్త ఆకులొచ్చి, ఇప్పుడు వాడుతున్నాయి. (ఆ) కొన్నింటికి ఆకులు పసుపై రాలాయి, కాడ పచ్చగానే ఉంది. (ఇ) నందివర్ధనం రెండింటి మొదలు మెత్తగా నల్లగా. (ఈ) ఒక మూల కవర్లలో ఇసుక మీద తెల్ల బూజు.

చంపావతి_గట్టు | జూలై 19, ఉదయం 9:05

(అ) ఇది మోసపు చిగురు. కొమ్మలో దాచుకున్న పిండి పదార్థంతో మొగ్గ విచ్చుకుంటుంది, దానికి వేరు అక్కర్లేదు. నిల్వ అయిపోయాక వేరు లేకపోతే వాడుతుంది. షీటు మళ్లీ గట్టిగా మూయండి, పైన రెండు ఆకులు ఉంచి మిగతా చిగురు తుంచండి. కొన్ని తేరుకుంటాయి.

(ఆ) బతికే ఉన్నాయి. ఆకు కాడతో సహా శుభ్రంగా రాలితే మొక్క తనంతట తాను వదిలించుకుందని అర్థం. ఆకు నల్లబడి కొమ్మకే వేలాడితే అది చచ్చిన గుర్తు. అనుమానం ఉంటే గోటితో బెరడు కాస్త గీకండి, లోపల పచ్చగా ఉంటే ఆగండి.

(ఇ) కుళ్లు. కవరుతో సహా తీసి దూరంగా పారేయండి, ఆ ఇసుక తిరిగి వాడకండి. పక్క కవర్లకి కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు కలిపి పోయొచ్చు, పిల్లలు లేని వేళ, చేతికి తొడుగులు వేసుకుని.

(ఈ) ఆ మూలకి గాలి ఆడటం లేదు. పైపొర గీకి తీసేయండి, ఆ వైపు షీటు జానెడు ఎత్తి ఉంచండి. మొదలు గట్టిగా ఉంటే భయం లేదు.

ఉద్దానం_కొబ్బరాకు | జూలై 19, ఉదయం 9:40

(ఇ) ఫోటోలో కవరు అడుగున రంధ్రాలు కనబడటం లేదు. ఉన్నాయా?

గంటస్తంభం_మేడతోట | జూలై 19, ఉదయం 10:02

చూశాను. ఆ రెండింటికీ లేవు.

మల్లెపందిరి | జూలై 19, ఉదయం 10:30

మిగతా 58 కూడా ఒకసారి తిప్పి చూడండి.

కనకాంబరం ఈపాటికి మార్చొచ్చు. వేరు పడిందో లేదో తెలియడానికి కవరు పక్కన మెల్లగా నొక్కి అడుగు రంధ్రంలో చూడండి, తెల్ల కొస కనబడితే పడినట్టే. లేదా కొమ్మని వేలితో పక్కకి వంచండి, తిరిగి నిలబడితే పట్టు దొరికినట్టు. గోధుమరంగు గరుకు గడ్డ కనబడితే అది వేరు కాదు, కోత మానిన మచ్చ. అది ఉన్నంత మాత్రాన వేరు వస్తుందని గ్యారంటీ లేదు, లేకపోయినా వస్తుంది.

మార్చే ముందు 8, 10 రోజులు షీటుకి అలవాటు తప్పించాలి. మొదటి మూడు రోజులు పొద్దున రెండు గంటలు తెరిచి, తర్వాత సాయంత్రం దాకా, ఆఖర్న రాత్రి కూడా. కొత్త కుండీకి మట్టి రెండు పాళ్లు, ఇసుక ఒకటి, బాగా మాగిన పశువుల ఎరువు ఒకటి. ఇసుక ముద్దతో సహా దించాలి, వేర్లు కడగకూడదు. నెల దాకా వేరే ఎరువు వద్దు, వారం దాకా నడినెత్తి ఎండ వద్దు.

కోట_జంక్షన్ | జూలై 19, మధ్యాహ్నం 12:10

పంపకం ఎలా? చచ్చినవి ఎవరి ఖాతా?

సిక్కోలు_పిట్ట | జూలై 19, మధ్యాహ్నం 12:25

నాటినోళ్ల పేరు రాయలేదు కదా, ఖాతా ఎవరికుంటాది? బతికినవి అన్నీ వరస పెట్టి, తమది కాని ఇంటి చీటీ ఉన్నది ఒకటి ఎత్తుకెళ్లమనండి. మిగిలినవి గ్రంథాలయం గోడ పక్కన. మందారాలు గోడకి అడుగున్నర దూరం, మొక్కకి మొక్కకి మూడడుగులు. వచ్చే ఏడాది కొమ్మలు అక్కణ్నుంచే కోసుకోవచ్చు.

గంటస్తంభం_మేడతోట | జూలై 19, సాయంత్రం 7:15

58 కవర్లూ తిప్పి చూశాం. ఇంకో మూడింటికి రంధ్రాలు లేవు. పుల్లతో పొడిచాం, నీళ్లు కారాయి. ఆ మూడూ మందారాలు, మొదళ్లు ఇంకా గట్టిగానే ఉన్నాయి.